లేచేటప్పుడు చెప్పే మాట

"హైమకి కాళ్ళ వాపులు తగ్గినాయా మరిదిగోరూ? దాని మాట నమ్మకండి. నొప్పున్నా నేదంతాది" అంది పెట్టె.

కూర్మారావు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

హైమావతి అతని భార్య. పోయి రెండేళ్ళు కావస్తోంది. అడుగుతున్నది హైమ అక్క దమయంతి. చెల్లెలి దినం నాడు విశాఖపట్నం వచ్చి, ఈ గదిలోనే గోడకి ఆనుకుని కూర్చుని, పలకరించిన వాళ్ళందరికీ తానే మంచినీళ్ళు అందించిన మనిషి. ఆవిడ ఆ సంగతి ఎలా మరిచిపోతుంది?

పెద్ద వయసు, అనుకున్నాడు. తుపాను ఇంటి కప్పు ఎగరేసుకుపోయింది. ఆ వెనకే ఉప్పెన వచ్చి బావులన్నీ ఉప్పు చేసిపోయింది. మొగుడికా మూత్రపిండాలు పాడయ్యాయి. ఇన్ని మీద పడితే ఎవరి మతి మాత్రం నిలుస్తుంది? 'హైమ లేదు వదినా' అని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

"తగ్గాయి వదినా. నిన్న మేడ మెట్లు కూడా ఎక్కింది" అన్నాడు.

అన్నాక ఇల్లు కొంచెం వెచ్చబడినట్టనిపించింది. హైమ ఎలా ఉందని అతన్ని అడిగి ఎవరికైనా ఎన్నాళ్ళైంది? అడగరు. అడగకూడదు కూడా. ఆ పొద్దున వంటింట్లో రెండు గ్లాసులు కడిగి బోర్లించాడు, ఒక్కటే వాడినా.

ఆ పెట్టె కూర్మారావు తయారుచేసిందే. భూమి మీదికి పగలూ రాత్రీ ఇసుక రేణువులంత చుక్కలు రాలుతూనే ఉంటాయి. తెల్లవారుజామున ఇంకా ఎక్కువ. ఒక్కొక్కటీ మండిపోతూ ఆకాశంలో ఒక చార వదులుతుంది. రెప్ప వేసేంత సేపు ఆ చార రేడియో తరంగాలకి అద్దంలా పనిచేస్తుంది. టవర్లు కూలతాయి, తీగలు తెగుతాయి, చుక్కలు రాలడం మాత్రం ఏ తుపానుకీ ఆగదు. చార మెరిసినప్పుడల్లా పెట్టె గుప్పెడు మాటల సారం అవతలికి విసురుతుంది. మాట్లాడే మనిషి గొంతూ తీరూ ముందే నేర్చుకుని ఉన్న అవతలి పెట్టె, ఆ గుప్పెడు నుంచి నిండు మాటని అల్లి వినిపిస్తుంది. మాటకీ మాటకీ మధ్య కాఫీ చల్లారేంత ఎడం ఉంటుంది. ఉంటేనేం? ఉద్దానం తీరం పొడుగునా, ఫోను మోగడం మానేసిన ఊళ్ళలో, ఊరికొక పెట్టె చొప్పున పెట్టారు. ఊరి వాళ్ళు దానికి చుక్కలపెట్టె అని పేరు పెట్టుకున్నారు.

పొగడపుట్టుగలో పెట్టెని దమయంతి ఉంటున్న హైమ పుట్టింటి అరుగు మీద బిగించింది కూర్మారావే. తలలు తెగిన కొబ్బరి చెట్ల మధ్య నిలబడి, ఇంటికి మిగిలిన ఒక్క నిట్రాట గుంజకి ఏంటెన్నా కడుతుంటే, పక్కింటి బైరాగి మేకపిల్లని చంకన పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"చుక్క రాలినప్పుడు కోరిక కోరుకోమంతారు గదా బావూ. మీరేటి, ఏకంగా కబుర్లే సెప్పమంతన్నారు."

"కోరికలు కూడా చెప్పు బైరాగీ. వింటాను."

"ఇనీవోలు కావాల గానీ మా కోరికలకేటి కొదవ? ముందొక నీల్ల బండి, తరవాతొక కప్పు, ఆ తరవాత నాకో పెల్లాం."

అరుగు మీదున్న వాళ్ళంతా నవ్వారు. దమయంతి మొగుడు నీలాచలం నులకమంచంలో పడుకునే నవ్వాడు. కాళ్ళు దిమ్మల్లా వాచి ఉన్నాయి. వారానికి రెండుసార్లు వ్యాన్ వచ్చి అతన్ని రక్తం శుద్ధి చేయించడానికి పట్నం తీసుకెళ్తుంది. రోజూ ఒక ట్యాంకరు మంచినీళ్ళు తెస్తుంది. రెండూ తీర పునరుద్ధరణ సంస్థ వాళ్ళవి. కూర్మారావు పెట్టెలకి డబ్బిచ్చిందీ వాళ్ళే.

"వ్యాన్ ఒక్క వారం తప్పినా నాకు కబురు చెయ్యి అన్నయ్యా. ఆఫీసుల చుట్టూ తిరగడం నాకొదిలెయ్యి" అన్నాడు కూర్మారావు.

"నీకు గాక ఇంకెవులికి సెప్తాన్రా" అన్నాడు నీలాచలం.

పెట్టె మొదటి నమూనాలో అల్లిక లేదు. వచ్చిన ముక్క వచ్చినట్టు వినిపించి, మిగతా చోట్ల ఉత్త హోరు ఉండేది. దాన్ని ఒప్పుకోనిది కూర్మారావే. అంతకు ముందు తుపానుకి హైమ ఆసుపత్రిలో ఉంది. ఉద్దానంలో టవర్లు పడిపోయాయి. ఆవిడ చెవి దగ్గర ఫోను పెట్టుకుని, అందులోని హోరు వింటూ, "అక్క ఎందుకు పలకదండీ? కోపమొచ్చిందేమో" అంటూ ఉండేది. టవరు లేచే లోపల ఆవిడ పోయింది.

"నిశ్శబ్దం వద్దమ్మా" అన్నాడు, ప్రయోగశాలలో తనతో పనిచేసే నస్రీన్‌తో. "ఏదో ఒకటి వినబడాలి. చిన్న మాటైనా సరే."

"రాని మాటని మనం కల్పించినట్టవుతుంది కదా సార్."

"కల్పించడం కాదు. వాళ్ళు మామూలుగా ఏమంటారో అదే కదా అల్లేది."

దమయంతి మామూలుగా ఏమంటుందో పెట్టెకి నేర్పడానికి హైమ ఫోనులోని పాత సంభాషణలు పనికొచ్చాయి. అక్క మాటలు మళ్ళీ వినడం ఇష్టమని హైమ అన్నీ దాచుకుంది. కూర్మారావు గొంతూ వాటిలోనే దొరికింది. ఫోను అతని చేతికి వచ్చినప్పుడల్లా అతను అనేవి నాలుగే మాటలు: అలాగే వదినా, మంచిది వదినా, చూస్తాను వదినా, హైమకి చెప్తాను.

ఆ పొద్దున తరవాత దమయంతి తరచుగా హైమ గురించి అడగసాగింది. హైమ అన్నం తింటోందా, ఎండలో తిరగనివ్వకండి, దానికి వంకాయ పెట్టకండి. కూర్మారావు జవాబులు చెప్పేవాడు. మొదట సిగ్గుపడ్డాడు. తరవాత ఆ పొద్దుల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఈ సంగతి నస్రీన్‌కి చెప్పలేదు.

మిగతా కబుర్లన్నీ బాగానే ఉండేవి. బాగున్నాం మరిదిగోరూ. నీల్లొస్తన్నాయి. మీ అన్నా బాగున్నారు. మీరు తిన్నారా?

ఒక మధ్యాహ్నం తీర పునరుద్ధరణ సంస్థ ఆఫీసులో సమావేశం జరిగింది. గోడ మీది పటంలో ఊళ్ళన్నీ ఎర్ర చుక్కలుగా ఉన్నాయి. కొన్ని పచ్చబడ్డాయి. అందరికన్నా ముందు పచ్చబడింది పొగడపుట్టుగ.

"మీ పెట్టెల పుణ్యమేనండీ ఇది" అన్నాడు అక్కడి పెద్ద అధికారి, మర్యాద తెలిసిన మనిషి. "ఇదివరకు ఊరూరా మనుషుల్ని పంపేవాళ్ళం. ఇప్పుడు మీ పెట్టెలో ఊరే తన నోటితో మాకు చెబుతోంది, కుదుటపడ్డామని. బళ్ళు తక్కువ, ఊళ్ళు ఎక్కువ. కుదుటపడిన చోటు నుంచి తీసి, పడని చోటికి పంపుతున్నాం."

కూర్మారావుకి పొంగిపోవాలనిపించింది. పచ్చ చుక్క కేసి చూస్తూ ఇంట్లో హైమకి చెప్పాలనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనే ఉలిక్కిపడ్డాడు.

తేడాని నస్రీన్ పట్టుకుంది. రోజూ అన్ని పెట్టెల నుంచి ఎంత ముడిమాట వస్తోందో, వినిపించేదాంట్లో అల్లిక ఎంతో చూడటం ఆ అమ్మాయి అలవాటు. ఒకనాడు కూర్మారావు గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సార్, పొగడపుట్టుగ ఏంటెన్నా ఉప్పుగాలికి తినేసినట్టుంది. వచ్చేది చిటికెడు, మనం వినేది బస్తాడు. మీరు మాట్లాడేది అటు వెళ్ళడం కూడా అంతే." కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుని, "మీ వదినగారు మేడమ్ గురించి అడుగుతున్నారా?" అంది.

కూర్మారావు కిటికీ వైపు చూశాడు. "ఎలా తెలిసింది?"

"అల్లికకి ముడిసరుకు పాత మాటలే కదా సార్. ఆ మాటల్లో అంతా మేడమే. ఎన్నాళ్ళుగా?"

"కొన్నాళ్ళుగా."

"చెప్పి ఉంటే ఆ రోజే పట్టుకునేదాన్ని."

ఆ మాట నెమ్మదిగానే అంది. కూర్మారావు గట్టి మాటకైతే ఏదో ఒకటి బదులు చెప్పేవాడు.

ఆ అమ్మాయి అల్లికని ఆపేసింది. ఇద్దరూ పెట్టె ముందు కూర్చున్నారు. చాలాసేపటికి ఒక చార మెరిసింది. "బాగున్నాం మరిదిగోరూ. తిన్నారా" అని దమయంతి గొంతు, ఆ తరవాత హోరు. ఇంకో చార. "బాగున్నాం. ఎండలు..." మళ్ళీ హోరు. ఎన్ని చారలు మెరిసినా అంతే.

"చోటు తక్కువైనప్పుడు వాక్యాల్లో మొదటివి పంపి చివరివి వదిలెయ్యమని పెట్టాం సార్. అవసరమైన సంగతి ఎవరైనా ముందే చెబుతారు కదా అని."

కూర్మారావు నుదురు పట్టుకున్నాడు.

ఉద్దానంలో అలా చెప్పరు. వచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి, బాగున్నాం అని, తిన్నారా అని అడిగి, ఎండల గురించీ జీడిపూత గురించీ మాట్లాడి, వాళ్ళు ఇక వెళ్తామని లేచినప్పుడు, గుమ్మం దాకా సాగనంపుతూ, స్తంభం పట్టుకుని అప్పుడంటారు: 'అన్నట్టు సెప్పడం మరిసాను.' అసలు సంగతి అదీ. కష్టాన్ని ఎదురొచ్చి మనిషి మీద పడెయ్యడం అక్కడ అమర్యాద. హైమ కూడా అంతే. పొద్దుటి నుంచీ అన్ని కబుర్లూ చెప్పి, అతను ఆఫీసుకి చెప్పులు వేసుకుంటుంటే, "అన్నట్టు, ఇక్కడేదో గడ్డలా తగులుతోందండీ" అంది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి అతను నేర్చుకున్న విషయం అది. పెట్టెకి నేర్పడం తోచలేదు.

"చివరి మాటలు ముందు పంపమని అటు పెట్టెకి చెప్పగలవా?"

"చెప్పగలను. ఈ ఆజ్ఞ వెళ్ళడానికీ ఒక చార కావాలి."

ఆ చార కోసం ఎదురు చూశారు. క్యాంటీన్ కుర్రవాడు టీలు పెట్టి వెళ్ళాడు. నస్రీన్ తన గ్లాసు మీద మూత పెట్టి, అతని గ్లాసు మీద కూడా ఒక కాయితం కప్పింది. మళ్ళీ దమయంతి పలికేసరికి ఆ టీ ఇంకా గోరువెచ్చగా ఉంది.

"...మీ అన్నే పోనాక ఇంక ఆ బండితో పనేటి నెండి. మరి ఉంతాను."

తరవాత హోరు. కూర్మారావు దాన్ని చివరిదాకా విన్నాడు.

పలాస బస్సు ఎక్కి, అది కదిలే ముందు సంస్థ ఆఫీసుకి ఫోను చేశాడు. అధికారి ఓపికగానే విన్నాడు.

"అయ్యో, చాలా బాధగా ఉందండీ. కానీ బళ్ళు వేరే ఊళ్ళకి ఇచ్చేశాం. అక్కడా మనుషులే కదా. వచ్చే సమీక్షలో పొగడపుట్టుగని మళ్ళీ ఎర్రలో పెట్టిస్తాను."

"సమీక్ష దాకా వాళ్ళేం తాగుతారండీ?"

"వాళ్ళే చెప్పారు కదండీ బాగున్నామని. మీ పెట్టెలోనే విన్నాం."

పలాసలో దిగి ఆటో ఎక్కాడు. దొరికినన్ని మంచినీళ్ళ డబ్బాలు వెంట వేసుకున్నాడు. ఆటోవాడు అడక్కుండానే వాటిని తాడుతో కట్టి, రోడ్డు తెగిన చోట దిగి, ఊరి మొదలు దాకా మోసుకొచ్చి పెట్టాడు. డబ్బులిస్తే ఆటోకి మాత్రం తీసుకుని, మోసినదానికి వద్దన్నాడు.

ఊరి మొదట్లో బైరాగి మేకలు కాస్తున్నాడు. చిక్కిపోయాడు. మేకలు కూడా తగ్గాయి. కూర్మారావుని చూసి లేచి, తలపాగా తీసి, మరీ వంగి దండం పెట్టాడు.

"అదిగో, సూస్తానుగోరు వొచ్చినారు."

"ఏమిటి బైరాగీ?"

"మా ఊల్లో మీ పేరదే బావూ. పిల్లలు కూడా ఆట కట్టినారు. ఒకడు నీల్లు నేవంతాడు. ఇంకోడు మీ గొంతెట్టి 'చూస్తాను వదినా' అంతాడు. బండి నేదు బావూ అంతే 'అలాగే వదినా'. నూతిలో ఉప్పుందంతే 'మంచిది వదినా'. మీ అంత మెత్తగా అనడం ఎవులికీ రావట్నేదు గానీ."

"అవి నేనన్న మాటలు కావు."

"మరి ఎవులనుకోమంతారు? పక్కనుండి ఇన్నాను గదా." తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. "మీరు నేకపోతే ఎలాగోలాగ పట్నం ఎల్లి అడిగేవోలం. నడిచైనా ఎల్లేవోలం. మీరున్నారని కూకున్నాం. అదీ మా తప్పు."

డబ్బాల్లో ఒకదాన్ని మాత్రం భుజానికి ఎత్తుకున్నాడు, మిగతావాటికి కుర్రాళ్ళని పంపుతానని చెప్పి. ముందు తను నడిచాడు.

దమయంతి అరుగు మీద కూర్చుని పాత కొబ్బరి మట్టలు చీలుస్తోంది. నుదుట బొట్టు లేదు. నులకమంచం గోడకి నిలబెట్టి ఉంది. అతన్ని చూసి లేచింది.

"రండి మరిదిగోరూ. బాగున్నారా? తిన్నారా?"

"తిన్నాను వదినా."

లోపలికెళ్ళి గ్లాసుడు నీళ్ళు తెచ్చింది. అతను నోట్లో పోసుకున్నాడు. తియ్యటి నీళ్ళు. ఇంట్లో ఉన్న మంచినీళ్ళు అవే అయి ఉంటాయని తెలిసి, చుక్క కూడా వదలకుండా తాగాడు. ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "ఎండలు ముదిరినాయి. జీడిమొక్కలు నాటినాం, అరకొరగా అంటుకున్నాయి" అంది. కొబ్బరి కూడా రెండు మొలకలొచ్చాయని వేలితో చూపించింది. కూర్మారావు వాటిని చూశాడు. పచ్చగా, అరచేతులంత ఉన్నాయి.

"వదినా, అన్నయ్య సంగతి నాకు అందలేదు. పెట్టె నా గొంతుతో ఏదో అల్లింది. నువ్వు చెప్పింది నా దాకా రాలేదు."

ఆవిడ చేతిలోని మట్టని చివరిదాకా చీల్చి పక్కన పెట్టింది.

"మీ అన్న పోనారని సెప్పినాను. 'మంచిది వదినా, హైమకి చెప్తాను' అన్నారు."

అతను అరుగు అంచున కూర్చున్నాడు.

"నాకు కోపం రానేదు మరిదిగోరూ. హైమకి సెప్తానంతన్నారంటే, పాపం ఈయనకి మతి పోనాది, దాన్ని మరవనేక ఇలాగైపోనారు అనుకున్నాను. అలాంటి మనిసిని బండీ అనీ నీల్లనీ ఎలా సతాయిస్తాం? బైరాగి తిడితే నానే ఆపినాను. ఆ తరవాత అడగడం మానీసినాను. మీరు బాగుంతే సాలనుకున్నాను."

కూర్మారావు నోట్లో మాట ఒకటి తిరిగింది. నేనూ నీ గురించి అలాగే అనుకున్నాను వదినా. కానీ ఆ మాటకి ఇంకో సగం ఉంది. నువ్వు దాని కబురు అడుగుతుంటే బాగుండి, ఎందుకడుగుతున్నావని అడగలేదు. ఆ సగం లేకుండా మొదటి సగం చెప్పడం కుదరదు. రెండూ మింగేశాడు.

"నీళ్ళ బండి..." అన్నాడు. ఆ తరవాత నాలిక మీదికి వచ్చిన మాట చూస్తాను అన్నదే. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో అతని నోటికి అలవాటైన మాట. దాన్ని ఆపాడు. దాని చోట పెట్టడానికి ఇంకో మాట దొరకలేదు. దమయంతి అది గమనించింది. తల దించుకుని ఇంకో మట్ట చీల్చడం మొదలుపెట్టింది.

అతను లేచి పెట్టె తీగలు ఊడదీశాడు. నిట్రాట మీది ఏంటెన్నా ముట్టుకుంటే పొడిగా రాలింది. పెట్టెని గోనెలో చుట్టుకున్నాడు. దమయంతి వద్దనలేదు, పట్టుకెళ్ళమనీ అనలేదు. అది ఉన్న చోట అరుగు మీద నలుచదరపు మచ్చ మిగిలింది. ఆవిడ చీరకొంగుతో దాన్ని తుడిచింది.

"వెళ్ళొస్తాను వదినా. పలాసలో ట్యాంకరు మాట్లాడుకుని, దానిమీదే నేను కూడా వస్తాను."

"అలాగే."

సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చింది. స్తంభానికి చెయ్యి ఆనించింది. కూర్మారావు మెట్టు దిగి, చెప్పులు తొడుక్కోవడానికి కావలసినదానికన్నా ఎక్కువసేపు వంగే ఉన్నాడు. ఒక చెప్పు తొడిగి, తీసి, మళ్ళీ తొడిగాడు. హైమ పుట్టినింట్లో కబురు వచ్చేది ఇప్పుడే. తిట్టైనా సరే, ఏడుపైనా సరే, ఈ స్తంభం దగ్గర నుంచే రావాలి.

రాలేదు. చివరికి అతనే తలెత్తి అడిగాడు.

"ఏమైనా చెప్పడం మరిచావా వదినా?"

దమయంతి అతని కేసి నిదానంగా చూసింది. కోపంగా కాదు. దారిన పోయే మనిషిని నీడలో నిలబడమని చెప్పేటప్పుడు చూసినట్టు చూసింది.

"నేదు బావూ. మీకు సెప్పాల్సిందేటీ నేదు. ఎల్లిరండి, ఎండెక్కుతంది."